ఒకే టెస్టు, మూడు ఓఎస్‌లు: ఫైల్ పర్మిషన్ల దగ్గర తడబడకుండా టెస్టులు రాయడం ఎలా?

కొన్నేళ్ల క్రితం మా టీమ్‌లో పైథాన్‌తో ఒక చిన్న కమాండ్ లైన్ టూల్ రాశాం. యూజర్ టోకెన్‌ను హోమ్ ఫోల్డర్‌లో ఒక కాన్ఫిగ్ ఫైల్‌లో దాచడం, కావలసినప్పుడు చదవడం, అంతే దాని పని. ఆ ఫైల్‌ను చదవలేకపోతే యూజర్‌కు అర్థమయ్యేలా ఎర్రర్ చెప్పాలి కదా అని ఒక టెస్టు పెట్టాను. ఫైల్ తయారు చేసి, దాని మోడ్ 000కి (అంటే ఎవరికీ ఏ హక్కూ లేకుండా) మార్చి, టూల్‌తో చదివిస్తే పర్మిషన్‌ఎర్రర్ రావాలి. నా ఉబుంటూ ల్యాప్‌టాప్‌లో పాసైంది. పక్క సీటు అతని విండోస్‌లో ఫెయిలైంది. సరే, విండోస్ వేరు కదా అనుకున్నాం. తర్వాత సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులను తానే నడిపే సర్వర్‌లో) కూడా ఫెయిలైంది. అక్కడ నడిచేది డాకర్ అనే కంటెయినర్ టూల్‌లో లైనక్సే! రావాల్సిన ఎర్రర్ రాలేదు, ఫైల్ హాయిగా చదవబడింది అని రిపోర్టు.

రెండు రోజులు తలలు పట్టుకున్నాక, రిలీజ్ టెన్షన్‌లో ఆ టెస్టుకు స్కిప్ పెట్టేశాం. కొన్ని నెలలకు సరిగ్గా ఆ ఎర్రర్ చూపించే కోడ్‌లోనే బగ్ దూరింది. దాన్ని పట్టుకోవాల్సిన టెస్టు ఎక్కడా నడవడం లేదు. మాకు ఆ బగ్ గురించి చెప్పింది యూజర్లే.

అప్పటి నుంచి పర్మిషన్ల టెస్టులు రాసేటప్పుడు నేను ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. ఇది ఏ ఓఎస్ అని పేరు అడగను. ఈ చోట, ఈ యూజర్‌కు, ఈ పర్మిషన్ నిజంగా అడ్డుపడుతుందా అని చేసి చూస్తాను. ఉదాహరణలు పైథాన్, దాని టెస్టు టూల్ పైటెస్ట్‌లతో ఇస్తున్నా, ఏ భాషలో రాసేవారికైనా ఇవే ఇబ్బందులు ఎదురవుతాయి.

1. ముందు తేడాలు తెలుసుకోండి

లైనక్స్‌లో, మ్యాక్‌లో ప్రతి ఫైల్‌కూ ఓనర్, గ్రూప్, ఇతరులు అని మూడు వర్గాలు, ఒక్కొక్కరికి చదవడం, రాయడం, నడపడం అని మూడు బిట్లు. 644, 755, 600 అనే ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా రాసే) అంకెలు వీటివే. ఇదంతా అందరికీ తెలిసిందే. ఎక్కువమంది మరిచిపోయేది రూట్ యూజర్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్) సంగతి. చదవడం, రాయడం విషయంలో రూట్‌కు ఈ బిట్లు అడ్డు కావు. మోడ్ 000 ఉన్నా రూట్ చదివేస్తుంది. డాకర్ ఇమేజ్‌లో వేరే యూజర్‌ను చెప్పకపోతే కంటెయినర్ రూట్‌గానే నడుస్తుంది. మా సీఐలో జరిగింది ఇదే.

విండోస్ లెక్క పూర్తిగా వేరు. అక్కడ ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పేది యాక్సెస్ కంట్రోల్ లిస్టు. పైథాన్‌లో చ్‌మోడ్ (మోడ్ మార్చే ఫంక్షన్) పిలిస్తే విండోస్‌లో అది ఆ లిస్టు జోలికి పోదు. రీడ్-ఓన్లీ అనే ఒక్క గుర్తును పెడుతుంది లేదా తీస్తుంది, మిగతా బిట్లను పట్టించుకోదు. అందుకే మోడ్ 000 చేసిన ఫైల్ అక్కడ రీడ్-ఓన్లీ మాత్రమే అవుతుంది. రాయబోతే ఎర్రర్ వస్తుంది, చదవబోతే రాదు. ఇక ఫోల్డర్‌కు ఆ గుర్తు పెట్టినా అందులో కొత్త ఫైళ్లు పెట్టుకోవచ్చు. గో భాషలోనూ, నోడ్‌లోనూ విండోస్ మీద చ్‌మోడ్ ఇలాగే రాసే హక్కు ఒక్కటే మారుస్తుంది.

డిలీట్ విషయంలో ఈ రెండు లోకాలు ఎదురెదురుగా ఉంటాయి. యూనిక్స్ తరహా సిస్టమ్స్‌లో ఫైల్‌ను తీసేయడానికి ఆ ఫైల్ మీద రాసే హక్కు అక్కర్లేదు, అది ఉన్న ఫోల్డర్ మీద ఉంటే చాలు. ఫైల్‌ను 444 చేసి ఫోల్డర్‌ను 755గా వదిలేస్తే, తాళం వేసితిని గొళ్ళెం మరచితిని అన్నట్టే. అదే విండోస్‌లో రీడ్-ఓన్లీ ఫైల్‌ను పైథాన్‌తో డిలీట్ చేయబోతే ఒప్పుకోదు.

2. టెస్టులను మూడు కుప్పలుగా విడదీయండి

ఉన్న టెస్టుల్లో చ్‌మోడ్ అనే మాట వెతికి, దొరికిన ప్రతిదాన్నీ ఒక ప్రశ్న వేయండి: ఇది పరీక్షిస్తున్నది దేన్ని?

ఎర్రర్ వచ్చినప్పుడు మన కోడ్ ఏం చేస్తుంది అన్నది మొదటి కుప్ప. మన కోడ్ తయారు చేసే ఫైల్‌కు సరైన మోడ్ పడుతోందా అన్నది రెండోది. ఓఎస్ నిజంగా అడ్డుపడినప్పుడు మొదటి నుంచి చివరి దాకా అంతా సవ్యంగా సాగుతుందా అన్నది మూడోది. నా అనుభవంలో నూటికి తొంభై టెస్టులు మొదటి కుప్పలోకే వస్తాయి, కానీ మనం వాటిని మూడో కుప్పలో టెస్టుల్లా రాస్తాం. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

3. మొదటి కుప్ప: ఎర్రర్‌ను మీరే పుట్టించండి

మన కోడ్ స్పందన చూడటానికి నిజమైన తాళం అక్కర్లేదు. పైటెస్ట్‌లోని మంకీప్యాచ్‌తో, మీ మాడ్యూల్ ఫైల్ తెరవడానికి వాడే ఫంక్షన్ స్థానంలో ఎర్రర్ విసిరే ఫంక్షన్ పెట్టండి. పైథాన్ మొత్తానికి చెందిన ఓపెన్‌ను మార్చకండి. పైటెస్ట్ కూడా దాన్నే వాడుకుంటుంది, ఎక్కడో సంబంధం లేని చోట దెబ్బ తగులుతుంది. చదవడం అనే పనిని మీ కోడ్‌లో ఒక చిన్న ఫంక్షన్‌గా విడదీసి దాన్నే మార్చండి.

విసిరే ఎర్రర్ అసలు ఎర్రర్‌లాగే ఉండాలి. ఉత్త పర్మిషన్‌ఎర్రర్ కాకుండా ఎర్రర్ నంబర్, మెసేజ్, ఫైల్ పేరు మూడూ ఇవ్వండి. లేకపోతే మీ కోడ్ ఎర్రర్‌లోంచి ఫైల్ పేరు తీసి యూజర్‌కు చూపించే చోట టెస్టులో ఏమీ ఉండదు. నంబర్ల దగ్గర ఒక మెలిక ఉంది. మోడ్ బిట్లు అడ్డుపడితే వచ్చే ఈయాక్సెస్ నంబర్ 13. ఓనర్‌ను మార్చబోవడం లాంటి, మన హోదాకు మించిన పని చేస్తే వచ్చే ఈపెర్మ్ నంబర్ 1. పైథాన్ రెండింటినీ పర్మిషన్‌ఎర్రర్ గానే చూపిస్తుంది. రెండింటికీ టెస్టు రాయండి. విండోస్‌లో వేరే ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకుని ఉన్నా వచ్చేది ఇదే పర్మిషన్‌ఎర్రర్. కాబట్టి యూజర్‌కు చూపే మెసేజ్‌లో "మీకు హక్కు లేదు" అని తేల్చి చెప్పడం కన్నా "ఫైల్‌ను తెరవలేకపోయాం" అని చెప్పి కారణం కింద ఇవ్వడం మేలు.

ఉత్తుత్తి ఎర్రర్ వద్దు, నిజంగానే రాయడం విఫలం కావాలి అనుకుంటే నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. ప్రోగ్రామ్ ఏ పేరుతో ఫైల్ రాయబోతుందో అదే పేరుతో ముందే ఒక ఫోల్డర్ పెట్టేయండి. ఫోల్డర్‌ను ఫైల్‌లా తెరిచి రాయడం ఎక్కడా కుదరదు. రూట్‌కైనా కుదరదు. లైనక్స్, మ్యాక్‌లలో ఇజ్‌ఏడైరెక్టరీఎర్రర్ వస్తుంది, విండోస్‌లో పర్మిషన్‌ఎర్రర్ వస్తుంది. రెండూ ఓఎస్ఎర్రర్ పిల్లలే. మీ కోడ్ ఓఎస్ఎర్రర్‌ను పట్టుకుంటుంటే ఈ ఒక్క టెస్టు మూడు చోట్లా చ్‌మోడ్ లేకుండానే నడుస్తుంది.

4. రెండో కుప్ప: మోడ్‌ను సరిపోల్చే చోట

టోకెన్ ఫైల్ 600లోనే ఉండాలి అని టెస్టు రాశారనుకోండి. విండోస్‌లో ఫెయిలైతే పైటెస్ట్ చూపేది "438, 384 సమానం కావు" అని. ఇది చూసి ఎవరికైనా ఏం అర్థమవుతుంది? 384 అంటే ఆక్టల్ 600, 438 అంటే ఆక్టల్ 666. విండోస్‌లో రీడ్-ఓన్లీ కాని మామూలు ఫైల్‌కు పైథాన్ చూపే మోడ్ 666, రీడ్-ఓన్లీ అయితే 444. అదే "436, 420 సమానం కావు" అని వస్తే 664కు, 644కు తేడా, అంటే యూమాస్క్ (కొత్త ఫైళ్ల మోడ్‌లోంచి కొన్ని బిట్లు తీసేసే సెట్టింగ్) గొడవ. సరిపోల్చే ముందు రెండు వైపులా ఆక్టల్ రాతలోకి మార్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి పెట్టుకోండి, రిపోర్టు చూడగానే విషయం తెలుస్తుంది.

పనిలో పనిగా, చ్‌మోడ్‌కు ఇచ్చే సంఖ్యకు ముందు ఆక్టల్ గుర్తు (0o) ఉందో లేదో చూడండి. గుర్తు మరిచి మామూలు 600 ఇస్తే అది ఆక్టల్‌లో 1130 అవుతుంది. అంటే ఓనర్‌కే చదివే హక్కు పోతుంది, గ్రూప్‌కు రాసే హక్కు వస్తుంది. విండోస్‌లో, ఆ సంఖ్యలో ఓనర్ రాసే బిట్ లేదు కాబట్టి, ఫైల్ రీడ్-ఓన్లీ మాత్రమే అవుతుంది, చదివి చూసే టెస్టుకు అక్కడ ఈ తప్పు దొరకదు.

ఇక టెస్టు అడిగే తీరు. "మోడ్ 600కు సమానమా" అని కాక "గ్రూప్‌కూ ఇతరులకూ ఏ హక్కూ లేదు కదా" అని అడగండి. మోడ్‌ను ఆక్టల్ 077తో బిట్‌వైజ్ అండ్ చేస్తే సున్నా రావాలి. మనకు కావలసింది రహస్యం బయటపడకపోవడం, ఆ సంగతే టెస్టులో కనిపించాలి.

యూమాస్క్ మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పైథాన్ మామూలుగా ఫైల్ తెరిచి రాస్తే ఓఎస్‌ను అడిగేది 666. అందులోంచి యూమాస్క్ కొన్ని బిట్లు తీసేస్తుంది. యూమాస్క్ 022 అయితే 644, 002 అయితే 664, 077 అయితే 600. అంటే యూమాస్క్ 077 ఉన్న మెషీన్‌లో మీ కోడ్ ఏమీ జాగ్రత్త తీసుకోకపోయినా టెస్టు పాసవుతుంది! కాబట్టి ఈ టెస్టులో యూమాస్క్‌ను కావాలనే సున్నా చేయండి. అంత వదులుగా ఉన్నా ఫైల్ 600లోనే పుట్టిందంటే మీ కోడ్ నిజంగా పని చేస్తున్నట్టు. పాత విలువను ఫిక్స్చర్‌లో (టెస్టుకు ముందు, తర్వాత నడిచే పైటెస్ట్ ఫంక్షన్‌లో) దాచి, టెస్టు అయ్యాక తప్పకుండా తిరిగి పెట్టండి. యూమాస్క్ ప్రాసెస్ మొత్తానిది. థ్రెడ్లతో సమాంతరంగా నడిపితే ఒకదాని మార్పు ఇంకొకదానికి తగులుతుంది. టెస్టులను సమాంతరంగా నడిపే పైటెస్ట్ ప్లగిన్ ఎక్స్‌డిస్ట్ వర్కర్లు వేర్వేరు ప్రాసెస్‌లు కాబట్టి అక్కడ ఆ భయం లేదు.

ముందు ఫైల్ రాసేసి తర్వాత చ్‌మోడ్ చేసే కోడ్ కూడా ఈ టెస్టులో పాసవుతుంది, కానీ ఆ మధ్య క్షణంలో టోకెన్ అందరికీ కనిపిస్తుంది. ఫైల్ పుట్టేటప్పుడే 600 ఇచ్చేలా ఓఎస్ మాడ్యూల్‌లోని ఓపెన్ వాడి, మోడ్‌ను అక్కడే చెప్పండి. చ్‌మోడ్ స్థానంలో ఎర్రర్ విసిరే ఫంక్షన్ పెట్టి, అయినా ఫైల్ 600లోనే ఉందా అని చూస్తే ఆ లోపం కూడా దొరుకుతుంది.

విండోస్‌లో టోకెన్ రహస్యంగా ఉందా అన్నది వేరే టెస్టు. మోడ్ బిట్లు చూసి లాభం లేదు, యాక్సెస్ లిస్టునే చూడాలి. ఐసీఏసీఎల్‌ఎస్ అనే కమాండ్ విండోస్‌తోనే వస్తుంది. గ్రూపుల పేర్లను మాత్రం ఇంగ్లిష్‌లో వెతకకండి, విండోస్ భాష మారితే ఆ పేర్లూ మారతాయి. అందరూ అనే గ్రూప్‌కు ఏ భాషలోనైనా ఎస్-1-1-0 అనే గుర్తింపు ఉంటుంది, దాన్ని వాడండి.

5. మూడో కుప్ప: అడిగి కాదు, చేసి చూసి తెలుసుకోండి

నిజమైన అడ్డు కావలసిన టెస్టులు కొన్ని మిగులుతాయి. వాటికి చాలామంది పెట్టే షరతు: విండోస్ అయితే స్కిప్, యూజర్ ఐడీ సున్నా అయితే స్కిప్. ఇందులో మొదటి చిక్కు, యూజర్ ఐడీ అడిగే గెట్‌ఈయూఐడీ ఫంక్షన్ విండోస్‌లో లేనే లేదు. స్కిప్ షరతు టెస్టులను సేకరించే దశలోనే లెక్కకట్టబడుతుంది కాబట్టి, ఒక టెస్టు స్కిప్ కావడానికి బదులు ఆ ఫైల్‌లోని టెస్టులన్నీ ఎర్రర్‌తో ఆగిపోతాయి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఓఎస్ పేరు నిజం చెప్పదు. డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటులో) లైనక్స్ నడుస్తుంటుంది, కానీ సీ డ్రైవ్ లోపలి ఫైళ్లు, మెటాడేటా ఆప్షన్ పెట్టకపోతే, 777గా కనిపిస్తాయి, 600 చేసినా నిలవదు. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ బిట్లు దాచుకునే చోటే లేదు. మరోవైపు డాకర్‌లో రూట్‌గానే ఉన్నా, డాక్ ఓవర్‌రైడ్ అనే సామర్థ్యాన్ని తీసేసి నడిపితే రూట్ కూడా బిట్లకు లోబడుతుంది. ఇన్ని షరతులు ఎవరు రాస్తారు? రాసినా రేపు ఇంకొకటి వస్తుంది.

అందుకే ఒక ఫిక్స్చర్ రాయండి. సెషన్‌కు ఒక్కసారి నడిస్తే చాలు. అది చేసే పని ఇది: టెంపరరీ ఫోల్డర్‌లో ఒక ఫైల్ సృష్టించి, నాలుగు అక్షరాలు రాసి, మోడ్ 000 చేసి, చదవడానికి ప్రయత్నించాలి. పర్మిషన్‌ఎర్రర్ వస్తే ఇక్కడ చదవడానికి అడ్డు పనిచేస్తోంది. రాకపోతే లేదు. ఏది వచ్చినా చివర్లో మోడ్‌ను 600కు తిప్పి ఫైల్‌ను తీసేయాలి. ఇలాంటివే ఇంకో రెండు. ఫోల్డర్‌ను 500 చేసి లోపల కొత్త ఫైల్ పెట్టబోతే ఆపుతోందా? ఫైల్‌ను 640 చేసి మళ్లీ చూస్తే 640గానే కనిపిస్తోందా? ఈ మూడోది నాలుగో అంచెలోని మోడ్ టెస్టులకు కావాలి.

ఈ పరీక్షలు మీ అసలు టెస్టులు వాడే ఫోల్డర్‌లోనే జరగాలి. పైటెస్ట్ టెంపరరీ ఫోల్డర్ ఒక డిస్కులో, మీ ప్రాజెక్టు ఇంకో డిస్కులో ఉంటే ఒకచోటి జవాబు ఇంకోచోట చెల్లదు.

444 ఫైల్‌లోకి రాయబోతే ఆపడం మాత్రం విండోస్‌లోనూ, రూట్ కాని లైనక్స్, మ్యాక్ యూజర్లకూ పనిచేస్తుంది. చదవడం కాక రాయడం పరీక్షిస్తే మీ పని జరిగిపోతుందంటే, అలాగే రాయండి, స్కిప్‌లు తగ్గుతాయి.

6. స్కిప్ కళ్లు గప్పకుండా చూసుకోండి

మా పాత టెస్టును చంపింది ఓఎస్ తేడా కాదు, ఎవరూ చూడని స్కిప్. కాబట్టి రెండు పనులు చేయండి. సీఐలో పైటెస్ట్‌కు ఆర్‌ఎస్ అనే ఆప్షన్ ఇస్తే స్కిప్ అయిన ప్రతి టెస్టు కారణం రిపోర్టు చివర్లో వస్తుంది. రెండోది, ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకోండి. అది ఉన్న చోట పర్మిషన్ అడ్డు పనిచేయకపోతే స్కిప్ కాదు, ఫెయిల్ కావాలి. మామూలు యూజర్‌తో నడిచే లైనక్స్ జాబ్‌లో దాన్ని ఆన్ చేయండి. అప్పుడు ఎవరైనా ఆ జాబ్‌ను పొరపాటున రూట్ కంటెయినర్‌లోకి మార్చినా వెంటనే తెలుస్తుంది.

7. శుభ్రం చేసే దగ్గర

టెస్టు పాసై, తర్వాత ఫోల్డర్ తీసేసేటప్పుడు పడిపోవడం చాలా చోట్ల చూశాను. లైనక్స్‌లో ఫోల్డర్‌ను 000 చేసి వదిలేస్తే లోపల ఏముందో చూడటమే కుదరదు, ఇక డిలీట్ ఎలా అవుతుంది? మోడ్ మార్చిన ఫిక్స్చరే చివర్లో దాన్ని వెనక్కి తిప్పాలి, టెస్టు ఫెయిలైనా సరే తిప్పాలి.

విండోస్‌లో పేచీ ఎక్కువగా, కోడ్ మార్పులను దాచే టూల్ అయిన గిట్ దగ్గర వస్తుంది. టెస్టులో గిట్ రిపాజిటరీ సృష్టిస్తే దాని ఆబ్జెక్ట్ ఫైళ్లు రీడ్-ఓన్లీగా పుడతాయి. ఫోల్డర్ మొత్తాన్ని తీసే ఆర్‌ఎంట్రీ అక్కడ ఆగిపోతుంది. దానికి ఎర్రర్ వచ్చినప్పుడు పిలిచే ఫంక్షన్ ఇవ్వండి. ఆ ఫంక్షన్ రీడ్-ఓన్లీ గుర్తు తీసి మళ్లీ డిలీట్‌కు ప్రయత్నించాలి. పైథాన్ 3.12 నుంచి ఈ ఆర్గ్యుమెంట్ పేరు ఆన్‌ఈఎక్స్‌సీ, పాత వెర్షన్లలో ఆన్‌ఎర్రర్. అయినా డిలీట్ కాకపోతే పర్మిషన్‌ను కాక మీ కోడ్‌నే అనుమానించండి. ఎక్కడో ఫైల్ తెరిచి మూయడం మరిచి ఉంటారు. లైనక్స్‌లో తెరిచి ఉన్న ఫైల్ కూడా డిలీట్ అవుతుంది కాబట్టి ఆ లోపం అక్కడ కనిపించదు.

8. గిట్ ఏం గుర్తుంచుకుంటుంది?

నడిపే బిట్ ఉందా లేదా అన్నది మాత్రమే. టెస్టు కోసం ఒక ఫైల్‌ను 600 చేసి రిపాజిటరీలో పెట్టినా, ఇంకొకరు క్లోన్ చేసుకుంటే వారి యూమాస్క్ ప్రకారం 644గానో 664గానో వస్తుంది. మోడ్ కావలసిన ఫైళ్లను టెస్టులోనే సృష్టించాలి.

విండోస్ నుంచి కమిట్ చేసిన షెల్ స్క్రిప్టుకు నడిపే బిట్ ఉండదు. సీఐలో 126 అనే ఎగ్జిట్ కోడ్‌తో పడిపోతే అదే కారణం. గిట్ యాడ్ కమాండ్‌కు చ్‌మోడ్ ఆప్షన్ ఇచ్చి, ప్లస్ ఎక్స్ అని చెబితే విండోస్‌లో కూర్చునే ఆ బిట్ పెట్టవచ్చు. ఇక విండోస్‌కు ఏ ఫైల్ నడుస్తుందో చెప్పేది బిట్ కాదు, ఎక్స్‌టెన్షన్. అందుకే టెస్టులో చిన్న స్క్రిప్టు రాసి నేరుగా నడపకండి. ఇప్పుడు నడుస్తున్న పైథాన్ ఎక్కడుందో సిస్ మాడ్యూల్ చెబుతుంది, దాన్ని పిలిచి స్క్రిప్టును దానికి అందించండి.

మ్యాక్‌ గురించి ఒక్క మాట. అక్కడ కొత్త ఫైల్ గ్రూప్ దాని ఫోల్డర్ నుంచి వస్తుంది, లైనక్స్‌లో మామూలుగా ప్రాసెస్ నుంచి వస్తుంది. గ్రూప్ ఐడీని సరిపోల్చే టెస్టు ఒకచోట పాసై ఇంకోచోట పోతే అక్కడ చూడండి.

9. సీఐలో అయిదు జాబ్‌లు

గిట్‌హబ్ యాక్షన్స్ అనే సీఐలో అయితే మ్యాట్రిక్స్‌లో (ఒకే జాబ్‌ను వేర్వేరు ఓఎస్‌లలో నడిపే జాబితాలో) ఉబుంటూ, విండోస్, మ్యాక్ మూడూ పెట్టి, ఫెయిల్-ఫాస్ట్‌ను ఆఫ్ చేయండి. అది మామూలుగా ఆన్‌లో ఉంటుంది, ఒకటి ఫెయిలైతే మిగతావి మధ్యలోనే రద్దవుతాయి. పర్మిషన్ల బగ్ వెతికేటప్పుడు మూడింటి ఫలితాలూ పక్కపక్కన కనిపించాలి. ఈ మూడింటితో పాటు రూట్‌గా నడిచే కంటెయినర్ జాబ్ ఒకటి ఉంచండి, మీ యూజర్లలో చాలామంది అలాగే నడుపుతారు. అయిదోది, లైనక్స్‌లోనే యూమాస్క్ 077 పెట్టి నడిపే జాబ్. 644 వస్తుందని గుడ్డిగా నమ్మిన టెస్టులన్నీ దాంట్లో బయటపడతాయి.

ఒక జాబ్‌లో బిల్డ్ చేసి ఇంకో జాబ్‌లో టెస్టు చేస్తుంటే, మధ్యలో అప్‌లోడ్ చేసే ఆర్టిఫాక్ట్ (బిల్డ్‌లో తయారైన ఫైళ్ల మూట) జిప్‌గా మారేటప్పుడు పర్మిషన్లు పోతాయి. పైథాన్ జిప్‌ఫైల్ మాడ్యూల్‌తో విప్పినా నడిపే బిట్ తిరిగి రాదు. ముందు టార్‌గా కట్టి, ఆ ఒక్క టార్ ఫైల్‌ను అప్‌లోడ్ చేయండి, అవతలి జాబ్‌లో టార్ కమాండ్‌తోనే విప్పండి.